నా కాళ్ళు మరవాల్సిన పాట

ప్రొద్దుటూరులో ఇప్పుడు కీబోర్డు నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు మా ఇంటికి వస్తారు. ముందుగదిలో దుప్పటి కప్పి ఉన్న పొడవాటి వస్తువును చూసి అదేమిటని అడుగుతారు. దుప్పటి తీసి చూపిస్తాను. నాలుగు కాళ్ళ బల్లలాగా ఉంటుంది. పైన పది తీగలు, కింద మూడు పెడళ్ళు, మోకాళ్ళకు తగిలేటట్టు నాలుగు ఇనుప రెక్కలు. దీన్ని పెడల్ స్టీల్ గిటారు అంటారు. మన వైపు దీన్ని వాయించినవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. అందులో గొప్పేమీ లేదు. ఇంకొకరు ఉండి ఉంటే నాకు నేర్పేవారు, నాకు అన్నేళ్ళు పట్టేది కాదు.

నలభై ఏళ్ళకు పైగా వాద్యాలమీదే బతికాను. చర్చిలో వాయించాను, నాటకాలకు వాయించాను, పెళ్ళిళ్ళకు వాయించాను, పార్టీలకూ వాయించాను. ఎక్కడ ఎవరు శాలువా కప్పారన్నది రాయను. ఆ శాలువాలు మా ఆవిడ ఎప్పుడో చలికాలంలో అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది, అది నేను చేసిన తప్పు. దాన్ని దిద్దుకోవడానికి ఊరంతా మాస్టరని పిలిచే వయసులో కొత్త వాద్యం ముందు ఓనమాలకు కూచున్నాను. ఆ సంగతే రాస్తున్నాను.

కాళ్ళ హార్మోనియం

మా ముత్తాత రోజుల్లో మావాళ్ళు క్రైస్తవ మిషన్‌లో కలిశారు. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. సింహాద్రిపురం వైపు పల్లెల్లో చాలా ఏళ్ళు పనిచేశాడు. చర్చి హార్మోనియం నాకు తొమ్మిదేళ్ళకే చేతికొచ్చింది. ఇరవై నిండకముందే నాటకాలవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు.

నాటకాలకు వాయించేది కుర్చీలో కూచుని కాళ్ళతో తొక్కే హార్మోనియం. రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి, రెండు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి గాలి తొక్కుతూ ఉంటాయి. నటుడు రాగం ఎంతసేపు సాగదీస్తే అంతసేపు తొక్కాలి. కాలు ఆగిందంటే తిత్తిలో గాలి పోతుంది, అతని గొంతు జనం ముందు ఒంటరిగా నిలబడుతుంది. ఇరవై ఏళ్ళు అట్లా తొక్కాక కాళ్ళు మన మాట వినవు. అన్నానికి కూచున్నా నా కాళ్ళు ఆడుతుండేవి. "ఎవురికి గాలి కొడతాండావు?" అని మా ఆవిడ అడిగేది.

ఫ్యాక్షన్ ముదిరాక నాటకాలు తగ్గిపోయాయి. ఒక వర్గం ఆడించే నాటకానికి రెండో వర్గం రాదు, వస్తే ఊరికే రాదు. జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో దుర్యోధనుడి తలపాగా తమ నాయకుడి కండువా రంగులో ఉందని ఆట ఆపించారు. తలపాగా మార్చాం. ఈసారి రెండో వైపువాళ్ళు లేచారు. ఆ పూట దుర్యోధనుడు బోడితలతోనే పద్యాలు పాడి బయటపడ్డాడు. అప్పుడు నవ్వుకున్నాం గానీ ఆ తర్వాత మమ్మల్ని పిలిచే ఊళ్ళు ఏటికేడు తగ్గాయి. నేను మస్తాన్ సాబ్ ఆర్కెస్ట్రాలో చేరాను. మస్తాన్ సాబ్ ప్రొద్దుటూరులో ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఒళ్ళో పెట్టుకుని ఇనుప కడ్డీతో వాయించే మామూలు స్టీల్ గిటారులో గట్టివాడు. మాట మాత్రం మొరటు. నేను పనిచేసినవాళ్ళలో అబద్ధం చెప్పని యజమాని ఆయనొక్కడే.

ఒక్క పూటలో కట్టిన పాట

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ మనిషి పులివెందుల నుంచి జీపులో వచ్చి మా ఇంటి ముందు దిగాడు. "మాస్టరూ, ఒకసారి ఇంటే నోట్లో కూచోవల్ల. అట్లాంటి పాట గట్టాల" అన్నాడు.

ఆ పార్టీ పేరు రాయను. అందులో అప్పుడున్నవాళ్ళు సగంమంది తర్వాత అవతలి పార్టీలో తేలారు కాబట్టి రాసినా ప్రయోజనం లేదు. తుపాకి చూపించి కట్టించుకున్నారని రాస్తే మీరు నమ్ముతారు, ఆ రోజులు అలాంటివి. కానీ అది అబద్ధం. అతను మర్యాదగానే అడిగాడు, నేను సంతోషంగానే ఒప్పుకున్నాను.

కొత్త బాణీ కడితే జనం నోటికి రావడానికి నెల పడుతుంది. పల్లెల్లో మావాళ్ళందరికీ పుట్టినప్పటినుంచి తెలిసిన బాణీ ఒకటుంది. మనిషిని గుంటలోకి దించేటప్పుడు పాడే కీర్తన. మా తాతముత్తాతలందరినీ ఆ పాటతోనే పంపాం. చాలా నెమ్మదిగా నడిచే పాట, ఒక్కో మాట దగ్గర ఊపిరి తీసుకోవచ్చు. నేను దాన్ని పరుగెత్తించాను. హార్మోనియాన్ని కాళ్ళతో దబదబా తొక్కుతూ, ప్రతి దెబ్బకూ ఒక నినాదం పడేటట్టు మాటలు అమర్చాను. ఒక్క పూటలో అయిపోయింది. మస్తాన్ సాబ్ వచ్చి విని, "ఇది మీ మట్టి పాట గదా మాస్టరూ?" అన్నాడు. బాణీకి కులం మతం ఏముందిలే సాబ్ అన్నాను. ఆయన రికార్డింగుకు తన గిటారు తేలేదు.

పాట మోగిపోయింది. పులివెందుల వీధుల్లో, ముద్దనూరు స్టేషను బయట, ఎక్కడ మైకు కట్టిన ప్రచారం జీపు కనిపిస్తే అక్కడ నా హార్మోనియమే. టీ అంగట్లో కూచున్నవాళ్ళు తెలియకుండానే కాళ్ళతో తాళం వేసేవాళ్ళు. నాకు గర్వంగా ఉండింది. ఈ పనిలో అంత పేరు నాకు అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

గట్టు మీద చప్పట్లు

సింహాద్రిపురం దాటాక ఒక పల్లె ఉంది. పేరు రాయను, అక్కడ ఇంకా అందరూ ఉన్నారు. ఆ పల్లెలో మావాళ్ళు రెండు పార్టీలుగా చీలి ఉండేవాళ్ళు. చర్చి ఒకటే గానీ ఒక వైపు గుమ్మంలోంచి వీళ్ళు, ఇంకో వైపు గుమ్మంలోంచి వాళ్ళు వచ్చేవాళ్ళు. సుందరమ్మ అనే ఆమె కొడుకు దానియేలు అవతలి పార్టీకి, అంటే నేను పాట కట్టని పార్టీకి, పోలింగు బూతు దగ్గర ఏజెంటుగా కూచున్నాడు. ఎన్నికలైన మూడో నెలలో చేని దారిలో అతన్ని చంపేశారు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

సుందరమ్మ మా నాయన దగ్గర చదువుకున్న మనిషి. మట్టికి నన్ను రమ్మని కబురు పంపింది. చేతి హార్మోనియం పట్టుకుని పోయాను. శవపెట్టెను గుంట దగ్గర దించారు. సుందరమ్మ చంకలో దానియేలు కూతురు గ్రేసు ఉంది, రెండేళ్ళ పిల్ల. పాస్టరు ప్రార్థన ముగించి నా వైపు చూశాడు. నేను కీర్తన ఎత్తాను.

రెండో వరుసకు రాకముందే కాలవ గట్టు మీద నుంచి చప్పట్లు మొదలయ్యాయి. నేను పాట కట్టిన పార్టీవాళ్ళు, పది పన్నెండు మంది ఉంటారు. నెమ్మదిగా సాగే నా పాటకు వాళ్ళు పరుగు చప్పట్లు వేశారు. ఎవరో నా మాటలే, నేను కట్టిన నినాదాలే పాడారు. ఇటువైపు ఆడవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాళ్ళకూ ఇక కీర్తన వినిపించడం లేదు, జీపే వినిపిస్తోంది. నాకూ అంతే. నా వేళ్ళు ఆగిపోయాయి. దానియేలును పాట లేకుండా పూడ్చారు. పారల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

సుందరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూచోగలిగేవాణ్ణి. ముద్దనూరు దాకా నిలబడే వచ్చాను. ఆ రోజు నుంచి ఆ పల్లెలో ఎవరి మట్టికీ ఆ కీర్తన పాడలేదు. ఎత్తితే ఏమవుతుందోనని భయం ఒకటి, ఎత్తినా నోటికి వచ్చేది కీర్తన కాదని ఇంకొకటి.

ముసలామె అడిగింది

ఆరేళ్ళ తర్వాత సుందరమ్మ కళ్ళ ఆపరేషనుకు ప్రొద్దుటూరు వచ్చి, కట్టు విప్పించుకున్నాక నేరుగా మా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టింది.

"నా కొడుక్కి పాట ల్యాకుండ మట్టేస్తిమి నాయనా. నేను పొయ్యే పొద్దుకన్నా ఆ పాట నాకు గావల్ల. నువ్వు తీస్కపోయినావు, నువ్వే తెచ్చియ్యాల."

"ఇప్పుడే వాయిస్తా పెద్దమ్మా" అని హార్మోనియం ముందు కూచున్నాను. ఎంత నెమ్మదిగా వాయించాలో అంత నెమ్మదిగా వాయించాను. ఆమె తల అడ్డంగా ఆడించింది.

"దీంట్లో జీపొస్తాంది నాయనా."

ఫిడేలు తీశాను. మెట్లు లేని వాద్యం గదా, బాగుంటుందనుకున్నాను. "దీంట్లో గూడా వస్తాంది" అంది. క్లారినెట్టు తీయబోతే చాలని చెయ్యి చూపించింది. "అవన్నీ నీ చేతులే గదా. ఇంగ నాకు వినిపిచ్చాకు. నాకు తెలిసిన పాటే. ఆ పొద్దు ఊరికి వినపడితే సాలు."

ఆమె చెప్పింది నిజం. ఏ వాద్యం తీసినా వెనక వాయించేది ఆ పాట కట్టిన మనిషే. మస్తాన్ సాబ్‌కు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "నీకు రాని వాద్యం ఏదన్నా పట్టుకో మాస్టరూ. వచ్చిన వాద్యంతో నీకు మాఫీ ల్యా" అన్నాడు.

తెలిసినవాడికే కష్టం

జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో చర్చి హార్మోనియం బాగుచేయడానికి పోయినప్పుడు సామాను గదిలో పొడుగాటి పెట్టె కనిపించింది. అమెరికా నుంచి వచ్చి రెండేళ్ళు పిల్లలకు పాటలు నేర్పి వెళ్ళిపోయిన దొర వదిలేసిన వాద్యం అది. తీగలు తుప్పుపట్టాయి, శ్రుతులు రాసిన కాగితం ఒకటి లోపల అంటించి ఉంది. ఎవరికీ అక్కర్లేదు గనక నాకు ఇచ్చేశారు.

ఇనుప కడ్డీని తీగల మీద ఆనించి జరిపితే స్వరం జారుతుంది. అది మస్తాన్ సాబ్ గిటారులోనూ ఉంది. ఇందులో ఉన్న విశేషం కింద ఉంది. ఎడమ కాలితో ఒక పెడలు తొక్కితే రెండు తీగలు ఒక స్వరం పైకి పోతాయి, మిగతావి ఉన్నచోటే నిలబడతాయి. మోకాలితో రెక్కను నెడితే ఇంకో తీగ దిగుతుంది. కుడి కాలి కింద శబ్దం పెంచి తగ్గించే పెడలు వేరే ఉంటుంది. అంటే ఫిడేలులో వేళ్ళు చేసే పని ఇక్కడ కాళ్ళూ మోకాళ్ళూ చెయ్యాలి.

కడ్డీ పట్టడం మస్తాన్ సాబ్ నేర్పాడు. నాకంటే ఏడేళ్ళు చిన్నవాడు, ముందు రోజు దాకా నన్ను మాస్టరని కుర్చీ వేసినవాడు, నేర్పేటప్పుడు మాత్రం మొహమాటం పడలేదు. "గీత చూసి పెడతాండావు. గీత పలుకుతాది, పాట పలకదు. కండ్లు మూస్కో" అనేవాడు. కళ్ళు మూసుకుంటే అపస్వరం. నా చెవికి సరైన స్వరం తెలుసు, చెయ్యి దాన్ని అందుకోలేదు. ఏమీ తెలియనివాడికి తన అపస్వరం వినిపించదు, హాయిగా వాయించుకుంటూ పోతాడు. నాకు ప్రతిదీ వినిపించేది. ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవాడు కొత్త వాద్యం నేర్చుకునేటప్పుడు పడే బాధ ఇదే. సిగ్గుతో వారం రోజులు పెట్టె మూసేసిన సందర్భాలు ఉన్నాయి.

చేతులు ఏడాదిన్నరలో దారికొచ్చాయి. కాళ్ళు రాలేదు. తెలియకుండా ఎడమ కాలు గాలి తొక్కేది. తొక్కినప్పుడల్లా రెండు తీగలు పైకెగిరేవి. కుడి కాలు తొక్కేది. తొక్కినప్పుడల్లా శబ్దం లేచి పడేది. ఒకసారి కుడి కాలిని తువ్వాలతో కుర్చీ కోడుకు కట్టేశాను. మస్తాన్ సాబ్ చూసి, "దొంగను గాదు గదా మాస్టరూ నువ్వు పట్టుకున్నేది" అని విప్పేశాడు.

మూడేళ్ళకు ఆర్కెస్ట్రాలో వాయించే స్థాయికి వచ్చాను. పెళ్ళికూతుర్ని పంపే పాట వాయిస్తే పందిట్లో ఏడవనివాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఏ పాటకైనా కాళ్ళు నిలిచేవి, ఒక్క ఆ కీర్తనకు తప్ప. అది ఎత్తగానే నా రెండు కాళ్ళూ పార్టీ పాట తొక్కేవి. చేతులు మట్టి పాట, కాళ్ళు జీపు పాట. ఇదివరకు వాద్యాల్లో ఆ సంగతి దాగి ఉండింది. సుందరమ్మ చెవికి మాత్రమే దొరికింది. ఈ వాద్యం దాన్ని దాచలేదు.

మధ్యలో పల్లె నుంచి కబురు వచ్చేది. సుందరమ్మకు ఆయాసం, సుందరమ్మ మంచం దిగడం లేదు, సుందరమ్మ మళ్ళీ లేచి చేనికి పోతోంది. కబురు వచ్చినప్పుడల్లా నాకు భయం వేసేది. ఆమె పోతుందని కాదు, పాట నాకు రాకముందే పోతుందని. అట్లా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను, అయినా అనుకున్నాను.

యాకోబు మగ్గం

అయిదో ఏడు పెడలుకు తగిలించిన కడ్డీ ఒకటి విరిగింది. జమ్మలమడుగులో మగ్గాలు బాగుచేసే యాకోబు అనే నేతగాడు ఉన్నాడు, చేతిపనిలో దిట్ట అని ఎవరో చెబితే వాద్యాన్ని బాడుగ జీపులో వేసుకుని పోయాను. యాభై దాటిన మనిషి, గుంట మగ్గంలో కూచుని ఉన్నాడు. వాద్యాన్ని తిరగేసి కడ్డీలన్నీ వేలితో తడుముతూ చూశాడు.

"ఇది మగ్గమే గదప్పా. ఈడ తొక్కితే కొన్ని పోగులు పైకి ల్యాస్తాయి, కొన్ని ఉన్న్యకాడ ఉంటాయి."

నాలుగేళ్ళుగా సంగీతం తెలిసినవాళ్ళకు చెప్పలేక చచ్చిన సంగతి అతను ఒక్క చూపులో పట్టేశాడు. కడ్డీ చేసిపెట్టి, వాయించు చూద్దామని మళ్ళీ మగ్గంలో కూచున్నాడు. ఆంప్లిఫయరు వైర్లేమీ తగిలించకపోయినా దగ్గర కూచుంటే సన్నగా వినిపిస్తుంది. నా చేతులకు ముందు వచ్చేది ఆ కీర్తనే. నాలుగు వరుసలు వాయించాను, కాళ్ళు వాటి పని అవి చేశాయి. తలెత్తి చూస్తే యాకోబు, పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టేసి ఉన్నాడు.

"ఆ పాట యాడిది నీకు?"

చెప్పాను. పల్లె పేరు, సుందరమ్మ పేరు, అడిగింది ఏమిటి అన్నది చెప్పాను. అతను మగ్గం మీది పడుగు పోగుల మీద అరచెయ్యి పెట్టాడు.

"నేను ఆ ఊరోన్నే. ఆ పొద్దు గట్టు మింద సప్పట్లు కొట్టినోళ్ళల్లో నేనుండా" అన్నాడు. "నరికినోళ్ళు ఎవురో ఏమో, నాకు సంబంధం ల్యా. సప్పట్లు మాత్రం కొట్టినా. దానియేలు నాకు తమ్మునివరస. నెల తిరక్కుండా ఊరిడిసి వచ్చినా. నన్నెవురూ ఎళ్ళగొట్టలా."

"పాట కట్టింది నేను" అన్నాను.

"తెలుసు. క్యాసెట్టు మింద నీ పేరుండ్య."

ఒకరినొకరు క్షమించుకునే హక్కు మాకు లేదు, అది మా ఇద్దరి దగ్గర ఉన్న వస్తువు కాదు. కాసేపటికి అతను గుంటలోంచి లేచి నన్ను అందులో కూచోమన్నాడు. కాలి కింద రెండు కర్రలు ఉన్నాయి. "కుడిది తొక్కు" అన్నాడు. తొక్కాను, పడుగులో సగం పోగులు లేచాయి. అతను నాడె విసరబోయేలోపే నా కాలు పైకొచ్చేసింది. నాడె పోగుల్లో చిక్కుకుంది.

"తొక్కేది గాదప్పా, పట్టుకునేది. నాడె అవతలికి పొయ్యేదాక కాలు కదలగూడదు. నువ్వు కాలికి పని జెప్తాండావు. నిలబడమని జెప్పు."

ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు వారానికి ఒకసారి జమ్మలమడుగు పోయాను. అతను నాడె విసిరేవాడు, నేను కర్ర పట్టుకుని ఉండేవాణ్ణి. మొదటి తువ్వాల పనికిరాకుండా పోయింది, మధ్యలో అంతా పోగులు తప్పాయి. యాకోబు దాన్ని అమ్మకుండా తన భుజాన వేసుకున్నాడు. ఇంటికొచ్చి కీర్తన వాయించేవాణ్ణి. వరుస ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోయేదాకా పెడలు పట్టుకుని ఉండాలి, అంతే. నాడె పోతోందని మనసులో అనుకునేవాణ్ణి. అరవై సార్లు వాయిస్తే ఒకసారి కాళ్ళు నిలిచేవి. తర్వాత పది సార్లకు ఒకసారి. ఎప్పుడూ నిలుస్తాయన్న నమ్మకం మాత్రం రాలేదు.

మట్టి

కబురు ఒక ఉదయం వచ్చింది. సుందరమ్మ పోయింది, సాయంత్రం నాలుగ్గంటలకు మట్టి. మస్తాన్ సాబ్ వ్యాను తెచ్చాడు. దారిలో జమ్మలమడుగులో ఆపి యాకోబును పిలిచాను. వస్తాడని అనుకోలేదు. పోగులు తప్పిన తువ్వాల భుజాన వేసుకుని వచ్చి వెనక కూచున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత ఆ ఊరికి పోతున్నాడు.

ఊరి మైకుసెట్టు మనిషి హారన్లు తెచ్చి చెట్టుకు కట్టబోయాడు. వద్దన్నాను. ఎన్నికలప్పుడు అలాంటి హారన్లలోంచే నా పాట వచ్చింది. మస్తాన్ సాబ్ కారు బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయరు తగిలించాడు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే యాకోబు వాద్యం కాళ్ళ కింద పలకరాళ్ళు పెట్టి సమం చేశాడు. ఇటువైపువాళ్ళు గుంట చుట్టూ ఉన్నారు. అటువైపువాళ్ళు కాలవ గట్టు మీద నిలబడ్డారు, దానియేలు రోజు నిలబడినచోటే. పెద్దవాళ్ళలో చాలామంది అప్పటివాళ్ళే. యాకోబు ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు.

పెట్టె దించారు. పాస్టరు నా వైపు చూశాడు. నేను చెప్పులు విప్పి పెడళ్ళ మీద కాళ్ళు పెట్టాను.

ఎట్లా వాయించానో నాకు గుర్తులేదు. కాళ్ళు మాత్రమే గుర్తున్నాయి. మొదటి వరుసంతా నిలిచాయి. రెండో వరుస, పన్నెండేళ్ళ కింద చప్పట్లు పడినచోట, ఎడమ పిక్క బిగుసుకుంది. పట్టుకున్నాను. గట్టు మీద నుంచి ఒక్క చప్పట్టు రాలేదు. నాలుగో వరుస అయ్యింది. ఎవరూ పాడలేదు. మళ్ళీ మొదటి నుంచి వాయించాను, అప్పుడూ పాడలేదు. ఇటూ పాడలేదు, అటూ పాడలేదు. మట్టి వేసేశారు.

పార్టీ మాటలు పోయాయి గానీ కీర్తన మాటలు రాలేదు. సుందరమ్మ అడిగిన దాంట్లో సగమే తెచ్చానని నాకు అర్థమైంది. వైర్లు విప్పుతూ ఉంటే ఒక ఆడపిల్ల దగ్గరికొచ్చింది. గ్రేసు. పదో తరగతికి వచ్చిందట. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మామా, ఈ పాటకు మాటలుండాయా?"

వాళ్ళ నాయన మట్టి రోజు అవ్వ చంకలో ఉన్న పిల్ల. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆ కీర్తన ఎవరూ పాడలేదు, ఎవరూ నేర్పలేదు. జీపు పాట ఆమెకు గుర్తులేదు. ఆ బాణీ ఆమె మొదటిసారి వింటున్నది అప్పుడే. ఉన్నాయమ్మా అనబోయాను.

"ఉండాయి పాపా" అన్నాడు యాకోబు. చేతుల మట్టి తువ్వాలకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. పాడలేదు, మామూలుగా మాట చెప్పినట్టు మొదటి వరుస చెప్పాడు. పిల్ల అదే మాట తిరిగి చెప్పింది. రెండో వరుస అతనికి అందలేదు. ఎవరో ముసలామె, దానియేలు వైపు మనిషి, గుంట పక్కన నుంచి ఆ వరుస అందించింది. మూడోది గట్టు మీద నుంచి వచ్చింది.

నేను వైర్లు మళ్ళీ తగిలించి కూచున్నాను. పిల్ల నా పక్కన నిలబడి, నేర్చుకున్న వరుస మరిచిపోకుండా గొణుక్కుంటోంది. కడ్డీ తీగల మీద పెట్టాను. ఆమె పాడింది, యాకోబు పాడాడు, తర్వాత ఎవరెవరు పాడారో నేను తలెత్తి చూడలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు అడుగుతారు, కాళ్ళు చివరికి ఎప్పుడు దారికొచ్చాయి మాస్టరూ అని. నాకు తెలియదు. ఆరేళ్ళు వాటినే చూసుకుంటూ వాయించినవాణ్ణి, ఆ మూడోసారి అవి నిలిచాయో కదిలాయో చూసుకోలేదు.